నాన్నను తెచ్చుకుంటున్న నా మేనకోడలికి

అమ్మలూ,

డిమెన్షియాతో జ్ఞాపకం, తెలివిడి తగ్గిపోతున్న మీ నాన్నను నీ దగ్గరికే తెచ్చుకుంటున్నావని విని ఎంత గర్వపడ్డానో, రాత్రంతా అంత టెన్షన్ పడ్డాను. బాత్రూమ్‌లో పట్టుకోవడానికి కడ్డీలు, రాత్రి చిన్న లైటు... అవన్నీ నీకు తెలిసినవే. అద్దంలో ఎవరో ఉన్నారని భయపడితే దాని మీద గుడ్డ కప్పెయ్యి. డబ్బు నువ్వే తీశావంటే వాదించకు, "పద నాన్నా, వెతుకుదాం" అను.

నేను చేసిన తప్పు మాత్రం నువ్వు చెయ్యకూడదు. మా అత్తగారు డిమెన్షియాతోనే నెమ్మదిగా ఉండేవారు. ఉన్నట్టుండి రెండు రోజుల్లో మారిపోయారు. గదిలో దొంగలున్నారని అరుపులు, ఒళ్లు తుడవబోతే కొట్టడం. పొత్తికడుపు మీద అరచెయ్యి అదిమిపెట్టుకుని కూర్చునేవారు. అది చూశాను, డాక్టరుకి చెప్పలేదు. "పడుకునేట్టు ఏదైనా ఇవ్వండి" అన్నాను, అంతే. ఇచ్చిన మాత్ర చాలలేదని రాత్రి నా అంతట నేనే ఇంకోటి వేశాను. మూడో రోజుకి చేతులు కర్రల్లా బిగుసుకుపోయాయి. పెట్టిన ముద్ద మింగలేక బుగ్గలోనే ఉండిపోయేది. తీరా చూస్తే మూత్రంలో ఇన్ఫెక్షన్. దానికి మందు వాడాక దొంగల మాటే లేదు. కానీ ఆ మత్తులో పడి తుంటి విరిగింది. ఆవిడ మళ్లీ నడవలేదు.

అందుకే, మీ నాన్న ఒకటి రెండు రోజుల్లో మారిపోతే జబ్బు ముదిరిందనుకోకు. మూత్రం, మలబద్ధకం, పంటి నొప్పి, కొత్తగా వేసిన మందు, అన్నీ చూపించు. కొన్ని జలుబు మాత్రలు కూడా ఇలా చేస్తాయి. ఏ వేళప్పుడు మొదలైంది, అంతకుముందు ఏం జరిగింది, రాసిపెట్టుకో.

మా అత్తగారికి ఇచ్చినలాంటి యాంటీసైకోటిక్ మందులు, అంటే భ్రమల్ని, ఉద్రేకాన్ని తగ్గించేవి, అసలు వద్దని కాదు. తనకో నీకో ప్రమాదమైతే, భయంతో వాడు నలిగిపోతుంటే, వాడాల్సిందే. కానీ డిమెన్షియా ఉన్న పెద్దవాళ్లలో ఇవి మరణ ప్రమాదాన్ని పెంచుతాయని 2005లోనే అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది. పది వారాల పరీక్షల్లో మందు వాడినవాళ్లలో సుమారు 4.5 శాతం మంది పోతే, వాడనివాళ్లలో 2.6 శాతం. పక్షవాతం, పడిపోవడం లాంటి ప్రమాదాలు దీనికి అదనం. వాడికి లేనిపోని పిల్లలో జంతువులో స్పష్టంగా కనిపిస్తుంటే డాక్టరుకి ముందే చెప్పు. అది డిమెన్షియాలో లెవీ బాడీ అనే రకమైతే, హాలోపెరిడాల్ లాంటి యాంటీసైకోటిక్ మందులు ఒళ్లంతా బిగించేస్తాయి. మొదలుపెట్టిన రోజే, "ఎప్పుడు తగ్గిద్దాం?" అని అడుగు. మేలు చేస్తున్నా నాలుగు నెలల్లోపు తగ్గించి చూడటం మంచి పద్ధతి. మోతాదు మాత్రం నీ చేతుల్లోకి తీసుకోకు తల్లీ, నాలాగా.

నువ్వు రాత్రుళ్లు ఒంటరిగా మేలుకుంటే ఊరుకోను. వారానికి రెండు రాత్రులు నేనొచ్చి వాడి పక్కన కూర్చుంటాను. అక్కనని గుర్తుపట్టకపోయినా పర్వాలేదు.

మీ అత్త