వయొలిన్, ఆర్గాన్ జంటకు నేటి ఆరాధన సంగీతం: ఏది ఎంచుకోవాలి, ఏం మార్చుకోవాలి?

ఆరాధనలో వాయించడానికి వయొలిన్, ఆర్గాన్‌లకు సరిపడే ఈ కాలపు రచనలు ఏవని, పియానో తోడుకు అలవాటుపడినవారు ఏం మార్చుకోవాలని మీరు అడిగారు. రెండో ప్రశ్న తేలకుండా మొదటిది తేలదు కనుక దానితోనే మొదలుపెడతాను.

గొట్టాల ఆర్గాన్‌తో శ్రుతి కలుపుకోవలసింది ఎప్పుడూ వయొలినే. గాలి ఒక్క డిగ్రీ సెల్సియస్ వేడెక్కితే ఆర్గాన్ గొట్టంలో శ్రుతికి ఆధారంగా తీసుకునే 440 హెర్ట్జ్ ‘A’ స్వరం సుమారు 0.8 హెర్ట్జ్ పెరుగుతుంది. నేను మొదటిసారి వాయించినప్పుడు, పొద్దున చల్లటి ఖాళీ చర్చిలో సాధన చేసి, సాయంత్రం ఫోన్‌లోని ట్యూనర్ చూసుకుని 440కే తీగలు బిగించాను. జనం నిండి, హీటర్లు వెలిగి ఆరేడు డిగ్రీలు పెరిగేసరికి ఆర్గాన్ 445 దగ్గరికి చేరింది. మొదటి దీర్ఘస్వరంలోనే రెండు వాద్యాల మధ్య అలలు అలలుగా అదురు వినిపించింది, తప్పించుకోవడానికి విరామమూ లేదు. అప్పటినుంచి వాయించే ముందు ఆర్గాన్ మీద ‘A’ స్వరం నొక్కించుకుని, దానికే కలుపుకుంటున్నాను.

స్టాపుల (ఏ గొట్టాల వరుస మోగాలో ఎంచే మీటలు) విషయంలో 8 అడుగుల ఫ్లూట్ (రాసిన ఎత్తులోనే మెత్తగా పలికే వరుస) చాలావరకు సరిపోతుంది. గాంబా వంటి తీగవాద్యపు ఛాయ ఉన్నవి జోడుగా ఉంటాయనిపిస్తుంది గానీ, వాటిలో వయొలిన్ గొంతు కలిసిపోయి కనిపించకుండా పోతుంది.

రచనలకు వస్తే, చాలామంది ఎస్టోనియా స్వరకర్త ఆర్వో పేర్ట్ 1978లో రాసిన ‘ష్పీగెల్ ఇమ్ ష్పీగెల్’ను ఎంచుకుంటారు. వయొలిన్ పదబంధం ప్రతిసారీ ఒక్కో స్వరం పెంచుకుంటూ ‘A’ స్వరానికే తిరిగి చేరుతుంది. కమాను ఒత్తిడి కాస్త మారినా దాచుకోవడానికి చోటుండదు. అయితే అది వయొలిన్, పియానోల కోసం రాసినది. పియానోలో గంటలా మోగి తరిగిపోయే స్వరాలు ఆర్గాన్ మీద తరగకుండా నిలిచిపోతాయి కాబట్టి, ఆర్గనిస్టు వాటిని ముందుగానే వదలకపోతే అంతా ఒకే ముద్దగా వినిపిస్తుంది. ఆర్గాన్ అసలు స్వభావం తెలియాలంటే రష్యా స్వరకర్త సోఫియా గుబైదులినా 1979 నాటి ‘ఇన్ క్రోచే’ వినండి. అది వయొలిన్‌కు కాక చెల్లో (వయొలిన్ కన్నా పెద్దదైన, మంద్రంగా పలికే తీగవాద్యం), ఆర్గాన్‌ల కోసం రాసినదే అయినా, పైనుంచి ఆర్గాన్, కిందినుంచి చెల్లో బయలుదేరి ఒకదాన్నొకటి దాటే తీరు ఈ జంట ఎలా ఆలోచించాలో చూపుతుంది. సమకాలీనం కాకపోయినా, 19వ శతాబ్దపు స్వరకర్త రైన్‌బెర్గర్ ఓపస్ 150 (ఆయన రచనల వరుస సంఖ్య)లోని ఆరు రచనలు వయొలిన్, ఆర్గాన్‌ల కోసమే పుట్టినవి కనుక సాధనకు నేను వాటినే ముందు సూచిస్తాను.

ఇక నిలబడే చోటు. మీరు బలిపీఠం దగ్గర, ఆర్గాన్ 20 మీటర్ల వెనుక ఉంటే దాని శబ్దం సెకనులో సుమారు పదిహేడో వంతు ఆలస్యంగా మీకు చేరుతుంది. మీరు చెవిని నమ్మి అనుసరిస్తే ఆర్గనిస్టుకు ఇంకా ఆలస్యంగా వినిపించి లయ ఈడుస్తూ పోతుంది. పై గ్యాలరీకి ఎక్కి ఆర్గాన్ పక్కనే నిలబడండి. జనానికి మీరు కనిపించకపోవచ్చు, ఆరాధనలో అది లోపమేమీ కాదు.