శిశువుల జన్యు పరీక్షల్లో ఉద్యోగం: బైపీసీ తర్వాత ఏ దారి?

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. మా పాప ఇంటర్ బైపీసీ అయిపోయింది. నీట్‌లో సీటొచ్చే ర్యాంకు రాలేదు. లాంగ్ టర్మ్ వద్దంటోంది. పుట్టిన బిడ్డల జన్యువులు చదివి వంశపారంపర్య జబ్బులు కనిపెట్టే పనిలోకి వెళ్తానంటోంది. ఉద్యోగాలు ఉంటాయా? ఏం చదివించాలి?

జవాబు: పసిబిడ్డ మడమ నుంచి కొన్ని రక్తపు చుక్కలు ఫిల్టర్ పేపర్ మీద తీసి పరీక్షించడం 1960ల నుంచీ ఉన్నదే. అందులో ఎక్కువగా చూసేది జన్యువుల్ని కాదు, రక్తంలోని హార్మోన్లు, అమైనో ఆమ్లాల వంటివాటిని. మన దగ్గర ఆ పరీక్షే ఇంకా అన్ని ఆసుపత్రులకూ చేరలేదు. జన్యుక్రమం చదివే పద్ధతిని ఇంగ్లండులో లక్షమంది శిశువుల మీద, న్యూయార్క్‌లో 2022 నుంచి గార్డియన్ అనే అధ్యయనంలో పరీక్షిస్తున్నారు. కాబట్టి శిశువుల జన్యు పరీక్షల పేరుతో కడపలో ఉద్యోగ ప్రకటన వస్తుందని చూడకండి. ఇప్పుడు అవకాశాలున్నది హైదరాబాద్, బెంగళూరు జెనెటిక్ ల్యాబుల్లో. అక్కడ జబ్బు పడిన పిల్లలకు, గర్భిణులకు పరీక్షలు చేస్తారు. నేర్చుకోవాల్సిన విద్య మాత్రం అదే.

రక్తం నుంచి డీఎన్‌ఏ తీసి మిషన్‌లో పెట్టే పని కొన్ని నెలల్లో పట్టుబడుతుంది. వచ్చిన ఫలితాన్ని చదవడమే కష్టం. ప్రామాణిక జీనోమ్‌తో, అంటే పోల్చడానికి నమూనాగా పెట్టుకున్న మొత్తం జన్యుక్రమంతో పోలిస్తే ఏ మనిషిలోనైనా 40-50 లక్షల చోట్ల తేడాలుంటాయి. వాటిలో జబ్బు తెచ్చేది ఏదో తేల్చాలి. కాలిఫోర్నియా శిశువుల నమూనాలతో 2020లో వచ్చిన ఒక అధ్యయనంలో, జీవక్రియ లోపాలున్న బిడ్డల్లో జన్యు పరీక్ష ఒక్కటే 88 శాతం మందిని పట్టింది. పాత రక్త పరీక్ష 99 శాతం మందిని పట్టింది. ఆ పాత పరీక్ష బయోకెమిస్ట్రీ పనే, అందుకే మీ పాపను దానికి దూరం కానివ్వొద్దు.

ఇంకో పని ఉంది, జెనెటిక్ కౌన్సెలింగ్, అంటే పరీక్ష ఫలితాన్ని కుటుంబానికి విడమరిచి చెప్పడం. నా ఓటు దానికే. మేనరికాలు, అక్క కూతురిని చేసుకోవడం మన సీమలో మీకూ నాకూ తెలిసినవే. అలా దగ్గరి చుట్టాలైన భార్యాభర్తలిద్దరిలోనూ ఒకే జన్యువు లోపం దాగి ఉంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 25 శాతం. "మా వంశంలో లేదు, కోడలి వైపు నుంచే వచ్చింది" అనే అత్తగారిని కూర్చోబెట్టి, చెరొక వైపు నుంచీ వస్తేనే ఇది జబ్బవుతుందని నొప్పించకుండా చెప్పాలంటే మన మాట, మన వరసలు తెలిసినవాళ్లే కావాలి. మిషన్‌కు ఆ పని రాదు.

చదువు సంగతి. లక్షలు పోసి ప్రైవేటు బీటెక్ బయోటెక్నాలజీ వద్దంటాను. బయోకెమిస్ట్రీ గానీ బయోటెక్నాలజీ గానీ మేజర్‌గా డిగ్రీ చేర్చండి. పక్కనే స్టాటిస్టిక్స్, కొంచెం పైథాన్ అనే కంప్యూటర్ భాష నేర్చుకోమనండి. తర్వాత ఎమ్మెస్సీ తప్పదు, డిగ్రీతో ఆగితే ఈ రంగంలో ఎదుగుదల తక్కువ. కడప యోగి వేమన విశ్వవిద్యాలయంలోనే జెనెటిక్స్ అండ్ జీనోమిక్స్ విభాగం ఉంది. గ్యాట్-బి అనే ప్రవేశ పరీక్ష రాస్తే కేంద్ర బయోటెక్నాలజీ విభాగం సాయంతో నడిచే పీజీ సీట్లకు పోటీ పడొచ్చు. జెనెటిక్ కౌన్సెలింగ్‌కు విడిగా పీజీ కోర్సులున్నాయి. మూడు నెలల సర్టిఫికెట్‌తో ఉద్యోగం గ్యారంటీ అనేవాళ్లకు మాత్రం ఒక్క రూపాయి కట్టకండి. మొదట్లో జీతం మరీ గొప్పగా ఉండదు, అదీ ముందే తెలిసి ఉండాలి.

ఒక్కటి పాపనే అడగండి: జబ్బు కనిపెట్టాలనా, వైద్యం చేయాలనా? వైద్యమే అయితే ఎంబీబీఎస్, ఎండీ తర్వాత హైదరాబాద్ నిమ్స్ వంటి చోట్ల మెడికల్ జెనెటిక్స్‌లో డీఎం అనే సూపర్ స్పెషాలిటీ కోర్సు చేయాలి, అప్పుడు నీట్ మళ్లీ రాయక తప్పదు. జబ్బు కనిపెట్టడమే అయితే డిగ్రీ ఆన్‌లైన్ అడ్మిషన్ల గడువు దాటకముందే దరఖాస్తు పెట్టేయండి.