లింఫోమా రిపోర్టులో జన్యు మార్పు ఉంటే పిల్లలకూ వస్తుందా?

"మా నాన్నగారికి ఫాలిక్యులర్ లింఫోమా. ఫిష్ పరీక్షలో 14, 18 క్రోమోజోముల మధ్య మార్పిడి పాజిటివ్ అని రాశారు. జన్యువుల్లోనే ఉందంటే మాకూ వస్తుందా? శాస్త్రవేత్తలు ఇన్నేళ్లుగా చేస్తున్న ఈ జన్యు పరిశోధనల వల్ల రోగికి ఏం ఒరిగింది?" అని అడిగారు.

ఫాలిక్యులర్ లింఫోమా అంటే బి కణాలకు, అంటే యాంటీబాడీలు తయారు చేసే తెల్ల రక్తకణాలకు వచ్చే ఒక క్యాన్సర్. ఫిష్ అంటే క్రోమోజోముల మీది జన్యువులను రంగు చుక్కలతో గుర్తించే పరీక్ష. మొదటిదానికి జవాబు ముందే చెప్పేస్తాను. ఆ మార్పిడి మీ నాన్నగారి నుంచి మీకు రాదు. ఆయన పుట్టినప్పుడు అది లేదు. ఒంట్లో ఎక్కడో ఒక్క బి కణంలో, ఎప్పుడో జరిగిన ప్రమాదం అది. ఇదే జబ్బు, ఇదే రిపోర్టు మా ఇంట్లోనూ చూశాం కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

మా అన్నయ్య రిపోర్టును కవర్లో పెట్టి చేతికిచ్చి పంపేశారు. అందులో ఏముందో చెప్పిన మనిషి లేడు. మొదట చదివింది అన్నయ్య కొడుకు. రాత్రంతా ఫోన్లో ఏవేవో వెతికి, పొద్దున్నే నా దగ్గరికొచ్చి "బాబాయ్, నాకూ చెల్లికీ ఇప్పుడే టెస్టులు చేయించాలేమో" అన్నాడు. పక్కనే ఉన్న మా వదిన మొహాన కత్తివేటుకు నెత్తుటి చుక్క లేదు. మొగుడి జబ్బుకు ఏడవాలో, పిల్లలకూ వస్తుందని భయపడాలో తెలియని స్థితి ఆవిడది.

ఇక లాభం లేదని, రిపోర్టు మీద సంతకం చేసిన పాథాలజిస్టునే, అంటే కణాలను పరీక్షించి జబ్బేదో తేల్చే డాక్టరునే కలుస్తానని పట్టుబట్టాను. రోగుల బంధువులు అంతవరకూ వెళ్లడం అరుదట. ఆవిడ మాత్రం విసుక్కోలేదు. నాతో వచ్చిన అన్నయ్య కొడుకును పక్కన కూర్చోబెట్టుకుని, అన్నయ్య లింఫు గ్రంథిలోని కణాల ఫొటోను స్క్రీన్ మీద తెరిచారు. నల్లటి నేపథ్యంలో నీలం గుండ్రాలు. ఒక్కోటీ ఒక్కో కణ కేంద్రకం. వాటి లోపల సూదిమొనంత ఎర్ర చుక్కలు, ఆకుపచ్చ చుక్కలు.

"ఎరుపు ఉన్నచోట బీసీఎల్2 జన్యువు ఉందన్నమాట, అది 18వ క్రోమోజోము మీద ఉంటుంది. ఆకుపచ్చ ఉన్నచోట యాంటీబాడీలకు సంబంధించిన జన్యువు, అది 14 మీద. మామూలు కణంలో ఎరుపు రెండు, ఆకుపచ్చ రెండు, వేటికవే ఉంటాయి. ఇప్పుడు ఇది చూడు నాన్నా" అంటూ ఒక కణం మీద బాణం గుర్తు పెట్టారు. ఒక ఎరుపు, ఒక ఆకుపచ్చ, వాటితోపాటు రెండు పసుపు చుక్కలు. రెండు క్రోమోజోములూ తెగి, ముక్కలు తారుమారై అతుక్కోవడంతో ఎరుపూ ఆకుపచ్చా ఒకేచోట పడి పసుపుగా కనబడుతున్నాయి.

తర్వాత ఆవిడ ఫొటోను కాస్త పక్కకు జరిపారు. అక్కడున్న కణంలో ఎరుపు రెండు, ఆకుపచ్చ రెండు, విడివిడిగా ఉన్నాయి. "ఇదీ మీ నాన్నగారిదే. ఇందులో ఆ మార్పు లేదు. పుట్టుకతో వచ్చేదైతే ఒంట్లో ప్రతి కణంలోనూ ఉండాలి కదా?" అన్నారు. మావాడు కుర్చీ ముందుకు లాక్కుని, ఒక్కో కణం మీద వేలు పెట్టి చుక్కలు లెక్కపెట్టడం మొదలెట్టాడు. ఆవిడ ఆపలేదు. లెక్కపెట్టే కొద్దీ వాడి గొంతులో వణుకు పోయింది. ఆ ఫొటోను ప్రతి కుటుంబానికీ చూపిస్తే సగం టెన్షన్ అక్కడే దిగిపోతుందని నా నమ్మకం. ఇంటికొచ్చి వాడే వాళ్లమ్మకు వివరించాడు.

ఈ ప్రమాదం బి కణాల్లోనే ఎందుకు జరుగుతుందంటే, వాటి పనే అలాంటిది. రకరకాల యాంటీబాడీలు తయారు చేయడానికి అవి మూలుగలో ఉన్నప్పుడే తమ డీఎన్‌ఏను తామే కత్తిరించి అతికించుకుంటాయి. ఆ కోతలు పడే చోట్లలో ఒకటి 14వ క్రోమోజోము మీద ఉంది. ఒక్కోసారి 18 నుంచి తెగిన ముక్క వచ్చి అక్కడ అతుక్కుంటుంది. అంతటితో బీసీఎల్2 జన్యువు ఆగకుండా పనిచేస్తూ పోతుంది. సుజిమోతో, క్రోచే అనే శాస్త్రవేత్తల బృందం 1984లో ఆ జన్యువు జాడ పట్టింది. 1988లో మెల్‌బోర్న్‌లో డేవిడ్ వాక్స్, ఆయన సహచరులు అది చేసే పనేమిటో తేల్చారు. కణాలు విపరీతంగా విభజన చెందేలా చేస్తుందేమో అనుకుంటే, అది చేసేది చావాల్సిన కణాన్ని చావనివ్వకపోవడం!

ఇంకో సంగతి. పూర్తి ఆరోగ్యంగా ఉన్న చాలామంది పెద్దవాళ్ల రక్తంలో కూడా, అతి కొద్ది కణాల్లో ఇదే మార్పిడి కనిపిస్తుంది. వాళ్లలో ఎక్కువమందికి లింఫోమా రానే రాదు. జబ్బుగా మారాలంటే అదే కణంలో ఇంకా కొన్ని జన్యువులు దెబ్బతినాలి. రోగి దగ్గరి బంధువులకు ముప్పు మిగతావాళ్లకన్నా కొంచెం ఎక్కువే, కానీ అసలు ముప్పే తక్కువ. రక్త క్యాన్సర్లు నిజంగా వంశంలో నడిచే కుటుంబాలూ లేకపోలేదు. రన్‌ఎక్స్1, గాటా2 వంటి జన్యువుల్లో పుట్టుకతోనే లోపం ఉంటుంది వాళ్లకు. అవి అరుదు, వాటి లెక్క వేరు.

పరిశోధనల వల్ల ఏం ఒరిగిందన్నారు చూశారా, నాకు బాధేసింది. జానెట్ రౌలీ గురించి తెలిస్తే అలా అడగరు. షికాగోలో నలుగురు మగపిల్లలను పెంచుతూ, చాలా ఏళ్లు పార్ట్‌టైమ్‌గానే పనిచేసిన డాక్టరమ్మ. క్రోమోజోముల ఫొటోలను ఇంట్లో భోజనాల బల్ల మీద కత్తెరతో కత్తిరించి, జతలు పేర్చి చూసేవారు. ఒక రకం రక్త క్యాన్సర్‌లో ఒక క్రోమోజోము పొట్టిగా ఉంటుందని నోవెల్, హంగర్‌ఫోర్డ్ అనే శాస్త్రవేత్తలు 1960లోనే చెప్పారు. ఆ పోయిన ముక్క ఏమైందో ఎవరికీ తెలియదు. అది 9వ క్రోమోజోముకు అతుక్కుని ఉందని 1973లో లోకానికి చెప్పింది రౌలీ. ఆ దారిలో నడిచిన పనే 2001లో అనుమతి పొందిన ఇమాటినిబ్ మాత్రల దాకా వచ్చింది. ఆ రక్త క్యాన్సర్, అంటే క్రానిక్ మైలాయిడ్ లుకేమియా ఉన్నవాళ్లలో చాలామంది ఇవాళ రోజూ మాత్ర వేసుకుని దాదాపు మామూలు ఆయుష్షు బతుకుతున్నారు. మీ నాన్నగారి రిపోర్టులోని 14, 18 మార్పిడిని 1979లో వెల్లడించిన బృందంలోనూ ఆవిడ ఉన్నారు. అలాంటి మనిషికి నోబెల్ ఇవ్వకపోవడం ఆ కమిటీ చేసిన పెద్ద తప్పు. 2013లో పోయారు, ఇక ఇవ్వడానికీ లేదు.

బీసీఎల్2ను అడ్డుకునే వెనిటోక్లాక్స్ అనే మందుకు 2016లో అమెరికాలో అనుమతి వచ్చింది. చిత్రమేమిటంటే, ఆ మార్పిడి మామూలుగా కనిపించని క్రానిక్ లింఫోసైటిక్ లుకేమియా అనే మరో రక్త క్యాన్సర్‌లో అది అద్భుతంగా పనిచేసింది, ఫాలిక్యులర్ లింఫోమాలో అంతగా పనిచేయలేదు. అందుకే పరిశోధన ఇంకా జరగాలి అంటాను.

చుట్టాల గొడవ ఒకటుంది, మీకూ తప్పదు. అన్నయ్యకు లక్షణాలేమీ లేవు, గడ్డలు చిన్నవి, కాబట్టి మందు మొదలెట్టకుండా గమనిస్తూ ఉందామన్నారు డాక్టరు. "క్యాన్సరని చెప్పి మందివ్వరా, డాక్టర్ని మార్చండి" అని ఒకటే ఫోన్లు. ఇలాంటి స్థితిలో ముందుగానే మందు మొదలెట్టినంత మాత్రాన ఎక్కువకాలం బతుకుతారని పరిశోధనల్లో తేలలేదు. ఉమ్మి పంపితే జన్యు జాతకం చెబుతామనే కిట్లకు మాత్రం డబ్బు తగలేయకండి. గ్రంథిలోని బి కణంలో జరిగిన మార్పు వాటికి దొరకదు.

సూదితో కాస్త తీసి చూసే ఎఫ్‌ఎన్‌ఏసీతోనే సరిపెట్టడం ఇంకో అన్యాయం. అన్నయ్యకు మొదట అలాగే చేశారు. జన్యు పరీక్షకు కణాలు చాలలేదని మళ్లీ మొదటికొచ్చింది, అన్ని రోజులూ వృథా. వీలైన చోట గ్రంథిని మొత్తంగా తీసే బయాప్సీ అడగాలి. మీ నాన్నగారికి అది అయిపోయినట్టే ఉంది కాబట్టి, ఆ పారాఫిన్ బ్లాక్ (గ్రంథి ముక్కను మైనంలో పెట్టి దాచిన దిమ్మ) ఎక్కడ భద్రపరిచారో, ఎన్నేళ్లు ఉంచుతారో కనుక్కుని ఫైల్లో రాసి పెట్టుకోండి. జబ్బు తీరు మారితే రెండో బయాప్సీని దానితో పోల్చి చూడాల్సి వస్తుంది.