డిసెంబరాలకు కత్తెర ఎప్పుడు?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా డిసెంబరం గురించే. కొందరు నీలాంబరం అని రాశారు. రెండూ ఒకటే మొక్క, శాస్త్రీయ నామం బార్లేరియా క్రిస్టాటా.

ప్రశ్న: మా డిసెంబరానికి మూడేళ్లు. నాలుగడుగుల ఎత్తు పెరిగింది, ఆకులు నిగనిగలాడుతున్నాయి. పూలు మాత్రం నాలుగైదుకు మించి రావడం లేదు. అడ్డదిడ్డంగా ఉందని అక్టోబరు మొదట్లో కత్తిరించి, కాస్త యూరియా కూడా వేశాను. ఎక్కడ తప్పు జరిగిందంటారు?

జవాబు: అక్టోబరు కత్తిరింపు ఒక తప్పు, యూరియా రెండోది. డిసెంబరం ఏడాది పొడవునా పచ్చగా ఉండే పొద. పొద్దు కురచయ్యే రోజుల్లో మొగ్గ తొడుగుతుంది. ఆ మొగ్గలు కొమ్మల కొసల్లో, పై ఆకుల మొదళ్లలో వస్తాయి. వానాకాలమంతా పెరిగి కాస్త ముదిరిన కొమ్మకే అవి నిలుస్తాయి. అంటే మీరు కత్తిరించి పారేసిన కొసలతోనే ఈ ఏటి పూలు పోయాయి. తర్వాత వచ్చిన చిగుళ్లకు ముదిరే వ్యవధి లేదు. ఉన్న కాస్త బలాన్నీ యూరియా ఆకుల మీదికి మళ్లించింది.

వచ్చే ఏడాది ఇలా చేయండి. పూత అయిపోగానే, అంటే ఫిబ్రవరి చివర్లో, పొదను నేల నుంచి అడుగు, అడుగున్నర ఎత్తుకు దించేయండి. మొద్దుబారిన పాత కొమ్మలుంటే మూడింట ఒక వంతు మొదలంటా తీసేయండి. మిగతావి వచ్చే రెండేళ్లలో వంతులవారీగా తీయవచ్చు. కోత ఎప్పుడూ కణుపుకు అర సెంటీమీటరు పైన పడాలి. ఎక్కువ వదిలితే ఆ ముక్క ఎండి, ఆ ఎండు కిందికి దిగుతుంది.

కొత్త కొమ్మలు జానెడు పొడవయ్యాక చివళ్లు తుంచండి. డిసెంబరానికి ఆకులు ఎదురెదురుగా జంటలుగా ఉంటాయి కనుక, ఒక కొస తుంచితే రెండు కొమ్మలు వస్తాయి. మళ్లీ తుంచితే నాలుగు. పూల సంఖ్య పెరిగేది ఎరువుతో కన్నా ఈ తుంచడంతోనే. కానీ ఆగస్టు సగం దాటాక చెయ్యి పెట్టవద్దు.

అక్టోబరులో ఒక కొసను దగ్గరగా పట్టుకుని చూడండి. మామూలు చిగురు సన్నగా మొనదేలి ఉంటుంది. పూతకొచ్చే కొస ఉబ్బుతుంది. అంచున ముళ్లలాంటి సన్నని పళ్లున్న పచ్చని రేకులు ఒకదానిమీద ఒకటి పేర్చినట్టుంటాయి, వేలికి గరుకుగా తగులుతాయి. అవి కనబడ్డాక పొద ఎంత వంకరగా ఉన్నా భరించాల్సిందే.

ఎరువు విషయానికొస్తే, ఫిబ్రవరి కత్తిరింపు తర్వాత ఒకసారి, జూన్‌లో ఒకసారి మొక్కకు రెండు మూడు గుప్పెళ్ల వర్మీకంపోస్టు చాలు. ఆగస్టు తర్వాత నత్రజని ఏ రూపంలోనూ వద్దు.

ప్రశ్న: బాల్కనీలో కుండీలో పెట్టాను. పక్కనే రాత్రంతా వెలిగే లైటు ఉంది. దాని ప్రభావం ఉంటుందా?

జవాబు: ఉండవచ్చు. పొద్దు కురచైతేనే మొగ్గ తొడిగే మొక్క కదా, రాత్రి వెలుగు దానికి అడ్డు రావచ్చు. సెప్టెంబరు నుంచి కుండీని ఆ వెలుగు పడని చోటికి జరపండి. అయితే పగటి ఎండ తగ్గకుండా చూసుకోండి. కనీసం నాలుగైదు గంటల ఎండ తగలాలి. నీడలో మొక్క బతుకుతుంది, కానీ కొమ్మలు సాగిపోయి పూలు పలచబడతాయి.

ప్రశ్న: కొమ్మలు గుచ్చాను. పది రోజులకే చిగురు వచ్చింది, ఇరవై రోజులకు అన్నీ వాడి చచ్చాయి. కారణం?

జవాబు: చిగురు వచ్చిందంటే వేరు వచ్చిందని కాదు. కొమ్మలో దాచుకున్న ఆహారంతోనే ముందు ఆకు వేస్తుంది. వేరు రాకముందే ఆకు ఎక్కువైతే, తాగేది లేక వాడిపోతుంది. చిగురు చూసి మురిసిపోయి ఎండలోకి మార్చేవాళ్లే ఎక్కువ.

జూన్, జూలై నెలలు అనువైనవి. మరీ లేతవి కుళ్లుతాయి, బెరడు కట్టినవి వేరు వేయడానికి మొరాయిస్తాయి. వంచితే కాస్త వంగి, ఇంకా వంచితే టక్కున విరిగే కొమ్మ తీసుకోండి. పొడవు 12 నుంచి 15 సెంటీమీటర్లు. కింది కోత కణుపుకు సరిగ్గా దిగువన వేయాలి. వేళ్లు ఎక్కువగా పుట్టేది అక్కడే. పైన రెండు ఆకులుంచి, వాటినీ సగానికి కత్తిరించి, మిగతావన్నీ తుంచేయండి.

సగం కడిగిన ఇసుక, సగం కొబ్బరి పొట్టు కలిపి, రెండు కణుపులు లోపలికి వెళ్లేలా గుచ్చండి. నేరుగా తొయ్యకుండా ముందు పుల్లతో గుంట చేయాలి, లేకపోతే కోత దగ్గర బెరడు చిట్లుతుంది. నీడలో ఉంచి, పైన పల్చని పాలిథిన్ సంచి బోర్లించి, రోజుకోసారి కాసేపు తీసి గాలి తగలనివ్వండి. గుప్పిట్లో నొక్కితే నీళ్లు కారకుండా ముద్దయ్యేంత తడి చాలు. వేళ్లకు మూడు నాలుగు వారాలు పడుతుంది. నెమ్మదిగా పైకి లాగి చూడండి. పట్టి ఉంటే వేరు వేసినట్టు. ఆ తర్వాత కూడా రెండు వారాలు నీడే.

ప్రశ్న: పూసిన పువ్వు మర్నాటికే రాలిపోతోంది. తెగులేమైనా అంటారా?

జవాబు: కాదు. దాని తీరే అంత, గుత్తిలో వంతులవారీగా పూస్తుంది. విచ్చుకోకముందే మొగ్గలు ఎండుతుంటే మాత్రం నీళ్లలో తేడా ఉంది. మొగ్గ దశలో పై అంగుళం మట్టి ఆరగానే నిండుగా పోయండి.

ప్రశ్న: ఆకులు పసుపు రంగుకు మారుతున్నాయి. వెనక తెల్లటి దూది లాంటిది ఉంది. మందు చెప్పండి.

జవాబు: ఆ దూది లాంటిది పిండినల్లి అనే పురుగు. ముందు చీమల్ని చూడండి. అవి తిరుగుతున్నంత కాలం ఇది పోదు, పిండినల్లిని కాపాడేది అవే. ఎక్కువ పట్టిన కొసలు కత్తిరించి సంచిలో కట్టి పారేయండి. మిగతా మొక్కను నీటి ధారతో ఆకుల అడుగు నుంచి కడిగి, సాయంత్రం లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, 1 మిల్లీలీటరు ద్రవ సబ్బు కలిపి పిచికారీ చేయండి. వారం తేడాతో మూడుసార్లు. ఒక్కసారి కొట్టి ఆపితే గుడ్ల నుంచి వచ్చేవి మిగులుతాయి.

పసుపు రంగు కథ వేరు కావచ్చు. అడుగు ఆకులు మొత్తంగా పసుపైతే వేళ్ల దగ్గర నీళ్లు నిలుస్తున్నాయి, లేదా నత్రజని చాలలేదు. కుండీ అడుగు రంధ్రం ముందు చూడండి. పైన కొత్త ఆకులు పసుపై ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే ఇనుము అందడం లేదు. సున్నం ఎక్కువున్న నీళ్లు పోసేచోట ఇది మామూలే. వాననీళ్లు దొరికినప్పుడు అవే పోయండి.

ప్రశ్న: చారల డిసెంబరం విత్తనం వేస్తే అదే రంగు వస్తుందా?

జవాబు: నమ్మకం లేదు. రంగు కచ్చితంగా కావాలంటే కొమ్మ గుచ్చాల్సిందే. విత్తనాలు మాత్రం తేలిగ్గా మొలుస్తాయి. ఎండిన కాయ పేలి దూరంగా విసురుతుంది కాబట్టి, కాయ గోధుమ రంగు తిరగగానే గుత్తికి కాగితం సంచి కట్టండి. ఒక్కో కాయలో నాలుగు వరకు చదునైన గింజలుంటాయి. తడి తగిలితే జిగురు పడతాయి, అందుకని నానబెట్టకుండా పొడిగానే చల్లి, పైన అర సెంటీమీటరు మట్టి కప్పండి. మొలకలు అక్కర్లేకపోతే ఎండు గుత్తుల్ని పేలకముందే రెండో ఆకుల జంట దాకా కత్తిరించండి. పూత ఇంకా సాగుతుంటే ఆ కణుపుల నుంచి మరో విడత మొగ్గలు రావచ్చు.