బార్డు ఇన్‌స్పిరేషన్ పాచికలు తొలి పోరులోనే అయిపోతున్నాయన్న ప్రశ్నకు సమాధానం

డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటలో మూడో లెవెల్ బార్డుగా (పాటతో, మాటతో మంత్రాలు వేసే పాత్ర) మీ ఇన్‌స్పిరేషన్ పాచికలు, అంటే తోటివారు తమ అంకెకు కలుపుకునేందుకు మీరిచ్చే అదనపు పాచికలు, తొలి పోరులోనే అయిపోయి, తరువాత చేతులు కట్టుకుని కూర్చోవలసి వస్తోందని రాశారు. ఈ ఆట 2014 నియమాల ప్రకారం, కరిజ్మా (ఆకర్షణ శక్తి) 16, అంటే బోనస్ +3 ఉన్న మీకు అవి మూడే. అయిదో లెవెల్ వచ్చేదాకా సుదీర్ఘ విశ్రాంతితోనే తిరిగి వస్తాయి. అయితే ఇచ్చిన పాచిక 10 నిమిషాలు నిలుస్తుంది, పైగా అందుకున్నవారు డి20 (ఇరవై ముఖాల పాచిక) వేసి, అంకె చూసుకుని, ఫలితాన్ని డంజన్ మాస్టర్ (ఆట నడిపేవారు) ప్రకటించేలోపు దాన్ని కలుపుకోవచ్చు కనుక, తలుపు తెరవక ముందే ఒకరికి ఇచ్చి, కొద్దిలో తప్పేటట్లున్న దెబ్బకే వాడమని చెప్పండి. మిగిలిన వంతుల్లో విషస్ మాకరీ (ఎగతాళితో గాయపరిచే మంత్రం) వేయండి. దాని 1డి4 (ఒక నాలుగు ముఖాల పాచిక) నష్టం (నన్నడిగితే) లెక్కలోకి రాదు. కానీ విజ్‌డమ్ (వివేకం) 7 మాత్రమే ఉన్న ఓగర్ అనే రాక్షసుడు సేవ్ (ఆ వివేకంతో మంత్రాన్ని తట్టుకునేందుకు వేసే పాచిక) తప్పితే, తన తరువాతి దాడికి రెండు డి20లు వేసి తక్కువదే తీసుకోవాలి. ఇన్‌స్పిరేషన్ బోనస్ యాక్షన్ (వంతులో ప్రధాన చర్యతో పాటు చేయగల అదనపు చర్య) కాబట్టి, అవసరమైతే రెండూ ఒకే వంతులో చేయవచ్చు.