పండుగప్ప దారం తెంపుకుపోతుంటే

బ్రదర్, యానాం దగ్గర పండుగప్ప కొడుతోంది కానీ గేలంతో సహా పోతోంది, తెగిన చివర గరుకుగా ఉందన్నారు. అయితే ముడి తప్పు కాదు. ముడి జారితే చివర మెలికలు తిరిగి వస్తుంది. పండుగప్ప మొప్ప మూత అంచు కత్తిలా కోస్తుంది, నోరూ గరుకే. బ్రెయిడ్ (అల్లిన సన్న దారం) నేరుగా గేలానికి కట్టకండి!

మీ 20 పౌండ్ల బరువు ఆపే బ్రెయిడ్‌కి ఒక మీటరు 50 పౌండ్ల ఫ్లోరోకార్బన్ లీడర్ (గేలం ముందుండే, రాపిడి తట్టుకునే గట్టి దారం) ఎఫ్‌జీ ముడితో (బ్రెయిడ్‌ని లీడర్ చుట్టూ అల్లే సన్న ముడి) కలపండి. తడిపి బిగించాలి, పొడిగా లాగితే రాపిడి వేడికి బలం తగ్గుతుంది. ప్రతి చేప తర్వాత చివరి జానెడు వేళ్లతో తడమండి, గరుకు తగిలితే కోసేసి మళ్లీ కట్టండి.

బతికున్న రొయ్యకి 5/0 సైజు సర్కిల్ హుక్ (మొన లోపలికి వంగిన గేలం) చాలు. కొట్టగానే గుంజొద్దు. బరువు తెలిసేదాకా రీలు తిప్పితే గేలం పెదవి మూలలో పడుతుంది, లీడర్ నోట్లోకి పోదు. డ్రాగ్ (చేప లాగితే రీలు దారం వదిలే బిగువు) 2 కిలోలు. పాటు నీరు లాగేటప్పుడు మడ కాలువల నోళ్ల దగ్గర వేయండి.