వెంటిలేటర్ మీద ఉన్న మనిషికి మూసుకుపోయిన ఊపిరితిత్తిని ఎలా తెరుస్తారు?

విజయనగరంలో మీ నాన్నగారు నిమోనియాతో వెంటిలేటర్ మీద ఉన్నారని, ఎడమ ఊపిరితిత్తి కింది భాగం మూసుకుపోయింది కాబట్టి రిక్రూట్‌మెంట్ (ప్రెజర్‌తో తెరవడం) చేస్తామన్నారని, అది ప్రమాదమా అని అడిగారు. నేను శ్రీకాకుళంలో పదకొండేళ్లుగా ఐసీయూ నర్సుగా చేస్తున్నాను. చూసింది చెప్తాను.

కిరాణా కొట్టులో కొత్త కవరు అంచులు అంటుకుపోతే ఉఫ్‌మని ఊది విడదీస్తారు కదండీ, ఇదీ దాదాపు అంతే. అంటుకుపోయిన గాలి గదులు విచ్చుకునేలా మెషీన్‌తో కాసేపు ఎక్కువ ప్రెజర్ ఇస్తారు. ఒక పద్ధతిలో 40 సెంటీమీటర్ల ఎత్తు నీళ్లు వేసేంత ప్రెజర్‌ని 30, 40 సెకన్లు పట్టి ఉంచుతారు. ఇంకో పద్ధతిలో మెట్టు మెట్టుగా పెంచుతారు. ఆ కాసేపూ మా కళ్లు బీపీ మీదే ఉంటాయి. ఛాతీలో ప్రెజర్ పెరిగితే గుండెకు తిరిగొచ్చే రక్తం తగ్గి బీపీ పడిపోవచ్చు. అరుదుగా ఊపిరితిత్తికి చిల్లు కూడా పడుతుంది.

అయితే అసలు ఎందుకు మూసుకుపోయిందో ముందు తేలాలి.

ఒక వానాకాలం, నేల మీద పడుకుని ఉండగా కట్లపాము కరిచిన ఒకావిడని తీసుకొచ్చారు. ఒళ్లంతా చచ్చుబడిపోతే వెంటిలేటర్ పెట్టారు. మూడో రాత్రి ఆక్సిజన్ 97 నుంచి 84కి దిగిపోయింది. ఎడమవైపు స్టెత్ పెడితే శ్వాస చప్పుడే లేదు. డ్యూటీ డాక్టరు ప్రెజర్ పెంచబోతుండగా మత్తు డాక్టరుగారు వచ్చి, టార్చి వేసి, పెదవి దగ్గర ట్యూబు మీద, అది ఎన్ని సెంటీమీటర్లు లోపలికి దిగిందో చెప్పే అంకె చూశారు. 21 దగ్గర ఉండాల్సింది 26 దగ్గరుంది. "సిస్టర్, పక్కకి తిప్పాక ప్లాస్టర్ చూశారా?" అన్నారు. తిప్పింది నేనే. చొంగకి ప్లాస్టర్ నాని వదులైపోయింది. ట్యూబు జారి కుడివైపు గొట్టంలోకి దిగడంతో ఎడమదానికి గాలి అందలేదు. అప్పుడు ప్రెజర్ పెంచి ఉంటే ఆ దెబ్బంతా కుడిదాని మీదే పడేది. ట్యూబు వెనక్కి లాగిన కొన్ని నిమిషాలకే ఆక్సిజన్ 95కి ఎక్కింది. అప్పటినుంచి డ్యూటీ ఎక్కగానే నేను ముందు చూసేది ట్యూబు మీద అంకె.

కఫం గడ్డకట్టి అడ్డుపడితే సక్షన్ (కఫం పీల్చి తీయడం), ఫిజియోథెరపీ, పక్కలు మార్చడం, అవసరమైతే బ్రాంకోస్కోప్ (ఊపిరి గొట్టంలోకి కెమెరా గొట్టం పంపి చూసి తీయడం). చాలామందికి వీటితోనే తెరుచుకుంటుంది.

రెండు ఊపిరితిత్తులూ దెబ్బతినే ఏఆర్‌డీఎస్‌లో మరీ గట్టిగా తెరవబోతే నష్టమే జరిగింది. 2017లో వచ్చిన ఏఆర్‌టీ ట్రయల్‌లో, 9 దేశాల్లోని 1,010 మంది మీద చూస్తే, బాగా ప్రెజర్ పెంచిన వాళ్లలో 28 రోజుల్లో 55.3 శాతం మంది చనిపోయారు. మామూలు పద్ధతిలో 49.3 శాతం. అందుకే తీవ్రమైన కేసుల్లో రోజుకి 16 గంటలకు పైగా బోర్లా పడుకోబెట్టడాన్నే నేను ఎక్కువ నమ్ముతాను.

తెరిచాక నిలబెట్టుకోవడం ఇంకా కష్టం. శ్వాస వదిలాక కూడా లోపల కొంత ప్రెజర్ మిగిలేలా పీప్ పెడతారు. పైపు ఒక్క క్షణం ఊడినా ఆ ప్రెజర్ పోయి మళ్లీ మూసుకుపోవచ్చు. వైజాగ్ తీసుకెళ్లాలనుకుంటే, అంబులెన్స్ వెంటిలేటర్‌కి మార్చేటప్పుడు ట్యూబుని క్లాంప్ చేస్తారా (క్లిప్పుతో నొక్కి మూస్తారా) అని అడగండి, తప్పేం లేదు.

రేపు డాక్టరుగారిని మూడు మాటలు అడగండి: ట్యూబు సరైన చోటే ఉందా, కఫం అడ్డుందా, బీపీ తట్టుకునేలా ఉందా. ఈ మూడూ చూసుకున్నాకే చేస్తున్నామంటే, ధైర్యంగా సరేననండి.